మీ చేతిలో పాము కదలకుండా ఉందంటే అర్థమేమిటి?

పాఠకుల ప్రశ్నలు – పెంపుడు సరీసృపాలు

ఈసారి చాలామంది వేరువేరు మాటల్లో ఒకే సంగతి అడిగారు: పాముకి, బల్లికి, తాబేలుకి మనసంటూ ఒకటి ఉంటుందా అని. వాటిలో కొన్ని ప్రశ్నలు, మా జవాబులు.

ప్రశ్న: రెండేళ్లుగా బాల్ పైథాన్‌ను పెంచుతున్నాను. చేతిలోకి తీసుకుంటే ముంజేతికి చుట్టుకుని అరగంటసేపు కదలదు. నేనంటే దానికి ఇష్టమని నా నమ్మకం. పాముకి ఇష్టాలేమిటని ఇంట్లో నవ్వుతున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: పాముకి ఇష్టానిష్టాలే లేవనడం తప్పు. కదలకుండా ఉంది కాబట్టి మీరంటే ఇష్టమనుకోవడమూ తప్పే.

ముందు మీ ఇంట్లోవాళ్ల సంగతి. కెనడాకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త మిషెల్ కబనాక్ 1990ల నుంచి ఈ విషయం మీద వరసగా ప్రయోగాలు చేశారు. బల్లుల్ని, తాబేళ్లను మెల్లగా చేత్తో పట్టుకుంటే చాలు, వాటి గుండె వేగం పెరిగింది. వదిలిపెట్టాక అవి మామూలుగా ఉండేదానికన్నా వెచ్చటి చోటు చూసుకుని ఒంటి వేడి పెంచుకున్నాయి. జబ్బేమీ లేకుండా ఒట్టి కలవరం వల్ల వచ్చే ఈ వేడిని ‘భావోద్వేగ జ్వరం’ అంటారు. కప్పల జాతిలో మాత్రం ఇది కనబడలేదు. ఆయనే ఇగ్వానాలనే పెద్ద బల్లులతో మరో ప్రయోగం చేశారు. వెచ్చటి మూల మామూలు దాణా, బాగా చల్లగా ఉన్న మూల లెట్యూస్ ఆకులు పెట్టారు. కడుపు నింపుకోవడమే లెక్కయితే అవి వెచ్చటి చోటు వదలనక్కర్లేదు. అయినా రుచి కోసం చలిలోకి వెళ్లాయి, చలి పెంచేకొద్దీ వెళ్లడం తగ్గించాయి. ఈ సుఖం కోసం ఆ కష్టం పడొచ్చా అని బేరీజు వేసుకున్నట్టే కదా.

ఇక మీ నమ్మకం. బాల్ పైథాన్‌కి భయం వేస్తే చేసే మొదటి పని కదలకుండా ఉండిపోవడం. భయం ఇంకా ఎక్కువైతే తల లోపల పెట్టుకుని ఉండ చుట్టుకుంటుంది, దాని పేరే అందుకు వచ్చింది. పైగా పాము ముఖంలో భయాన్నో సంతోషాన్నో చూపించే కండరాలు లేవు. కాబట్టి ముఖం చూసి లాభం లేదు, మెడ చూడండి. చేతిలో ఉన్నప్పుడు మెడ బిగుసుకుని, తల కాస్త వెనక్కి లాక్కుని, నాలుక ఆడించడం ఆపేసి, పక్కటెముకల దగ్గర ఊపిరి గబగబా ఆడుతుంటే అది ప్రశాంతత కాదు, భయం. చుట్టు వదులుగా ఉండి, నాలుక నిదానంగా బయటికి లోపలికి ఆడుతూ, తల అటూఇటూ కదుపుతుంటే అది నెమ్మదిగా ఉన్నట్టు. ఒకే అరగంట మౌనానికి ఇలా రెండు అర్థాలున్నాయి.

ఇంకో సంగతి. మన అరచేతి చర్మం సుమారు 33 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బాల్ పైథాన్‌కి వెచ్చటి మూలలో కావలసిన వేడి 31 నుంచి 33 డిగ్రీలు. అంటే దాని లెక్కలో మీ చెయ్యి చక్కగా వేడెక్కిన బండ. అది మిమ్మల్ని కోరుకుంటోందో, బండను కోరుకుంటోందో తేల్చే మార్గం కింద చెబుతున్నాం.

ప్రశ్న: సరీసృపాలకున్నది ‘పాతకాలపు మెదడు’, అందులో సహజాతాలు తప్ప భావాలుండవు అని చదివాను. నిజమేనా?

జవాబు: అది పాతబడ్డ సిద్ధాంతం. 1960ల్లో అమెరికా మెదడు శాస్త్రవేత్త పాల్ మెక్లీన్ మెదడును మూడు అంతస్తుల మేడలా ఊహించారు: అడుగున సరీసృపాల మెదడు, దాని మీద భావాల మెదడు, అన్నిటికన్నా పైన ఆలోచన. వినడానికి తేలిగ్గా ఉండటంతో ఆ మాట జనంలో నిలిచిపోయింది గానీ, మెదడు పరిణామాన్ని చదివేవాళ్లు దాన్ని ఎప్పుడో పక్కన పెట్టారు. భయానికి ముఖ్యమైన అమిగ్డలా, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లకు సాటివచ్చే భాగాలు బల్లికీ తాబేలుకీ ఉన్నాయి. కోరికకు, ఉత్సాహానికి సంబంధించిన డోపమైన్ ఉంది. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టికోస్టెరోన్ ఉంది. మనలో ఆత్మీయతతో ముడిపడ్డ ఆక్సిటోసిన్‌కు దగ్గరి బంధువైన మెసోటోసిన్ కూడా ఉంది. సరంజామా ఉన్నంత మాత్రాన మనలాంటి అనుభవమే కలుగుతుందని కాదు. లేదని కొట్టిపారేయడానికి మాత్రం ఆ పాత మేడ పనికిరాదు.

ప్రశ్న: నా పాముకి చేతిలో ఉండటం నచ్చుతోందో లేదో ఇంట్లోనే తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. సూత్రం ఒక్కటే: దానికి వద్దనే వీలు ఇవ్వాలి. మనం పట్టుకుని ఎత్తితే అది ‘ఊరుకుంది’ అని మాత్రమే తెలుస్తుంది.

మేత వేసిన తరవాత కనీసం 48 గంటలు, పెద్ద మేతయితే 72 గంటలు ఆగండి. ఈలోగా ముట్టుకుంటే తిన్నది కక్కేయొచ్చు, దాంతో వచ్చే నీరసం వారాలపాటు వదలకపోవచ్చు. కళ్లు పాలరంగులోకి తిరిగి కుబుసానికి సిద్ధమవుతున్నప్పుడు అసలు వద్దు. అప్పుడు చూపు మసకగా ఉండి ప్రతి కదలికకూ ఉలిక్కిపడుతుంది. బాల్ పైథాన్ రాత్రి తిరిగే ప్రాణి, కాబట్టి పొద్దుగూకాక మొదలుపెట్టండి. వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కోండి. ఎలుక వాసన ఉన్న చెయ్యి దాని దృష్టిలో ఎలుకే. చాలా కాట్లు కోపంతో పడేవి కావు, ఈ పొరపాటుతో పడేవే.

తలుపు తీశాక చుట్టిన కాగితంతోనో పాముల కొక్కెంతోనో ఒంటి మధ్యలో మెల్లగా తాకి పది సెకన్లు ఆగండి. ‘ఇది మేత వేళ కాదు’ అనే ఈ గుర్తు దానికి కొద్ది వారాల్లోనే అలవాటవుతుంది. మెడ ‘ఎస్’ ఆకారంలో వెనక్కి వంగితే ఆ రోజుకు తలుపు మూసేయండి. లేకపోతే అరచేతిని నేలకు ఆనించి, పాముకి ఒక జానెడు దూరంలో, పక్కనుంచి పెట్టండి. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలాంటిదే. రెండు నిమిషాలు కదపకండి. అది నాలుక ఆడిస్తూ వచ్చి చేతి మీదికి ఎక్కితే రానివ్వండి. పక్కకు తిరిగి గూట్లోకి పోతే పోనివ్వండి, వెంటపడొద్దు. ఎక్కాక ఒంటికి రెండుచోట్ల ఆసరా ఇస్తూ పది నిమిషాలు ఉంచండి. మీ మోచేతిని తలుపు దగ్గరే ఆనించి పెడితే, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి పోగలదు. ఎక్కిందా, ఎంతసేపుంది, తనంతట తానే దిగిందా అన్నవి మూడూ రాసుకోండి. ఒకటి రెండు రోజులు చూసి తేల్చకండి, కనీసం పదిసార్లు కావాలి.

ఆ తరవాత అసలు పరీక్ష. ఒక రోజు చేతికి బదులు, 33 డిగ్రీల నీళ్లు నింపిన సీసాను గుడ్డలో చుట్టి అదే చోట పెట్టండి. మరో రోజు లోపలి వెచ్చటి మూల సరైన వేడిలో ఉందని థర్మామీటర్‌తో చూసుకుని, మళ్లీ చెయ్యి పెట్టండి. సీసా మీదికీ అంతే ఉత్సాహంగా ఎక్కితే అది వేడి కోసం వస్తోంది. లోపల వేడి చాలినంత ఉన్నా, సీసాను వదిలేసినా మీ చేతి మీదికి మాత్రం వస్తుంటే, తెలిసిన వాసన, కొత్త చోటు చూడాలన్న కుతూహలం పనిచేస్తున్నాయని అనుకోవచ్చు. దాన్ని ప్రేమ అనడానికి మాకు నోరు రాదు. భయం లేకపోవడం, పరిచయం, కుతూహలం అంటాం. పాము విషయంలో అవి చిన్నవేమీ కావు.

ప్రశ్న: మా రెండు బియర్డెడ్ డ్రాగన్ బల్లులు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. కౌగిలించుకున్నట్టే ఉంటాయి. ఫొటో పంపుతున్నాను.

జవాబు: ఫొటోలో పైనున్నది దీపానికి దగ్గరగా ఉంది, కిందున్నదానికి వెలుగు అందడం లేదు. అది కౌగిలి కాదు, వేడినీ యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత) వెలుగునీ ఆక్రమించడం. కిందిదాన్ని తూకం వేయండి. పెరగకపోయినా, గడ్డం కింద తరచూ నల్లబడుతున్నా, ఒక ముందుకాలు ఎత్తి గుండ్రంగా ఊపుతున్నా అది లొంగిపోయి బతుకుతోందన్నమాట. ఈ వారమే వేరు చేయండి. తోకల చివర్లు, వేళ్లు తెగేదాకా ఆగొద్దు.

సరీసృపాలన్నీ ఒంటరివని చెప్పడం లేదు. ఆస్ట్రేలియాలోని షింగిల్‌బ్యాక్ బల్లుల్లో ఆడా మగా ఏటా అదే జతతో కలుస్తాయి, ఇరవై ఏళ్లు దాటిన జంటలూ ఉన్నాయి. పక్కన మరో పాము తోడుంటే బెదిరిన ర్యాటిల్‌స్నేక్ గుండె వేగం తక్కువగా పెరుగుతుందని 2023లో వచ్చిన అధ్యయనం చూపింది. ఏ జాతి సంగతి ఆ జాతిదే. బియర్డెడ్ డ్రాగన్ మాత్రం తన చోటు తనదనుకునే ప్రాణి.

ప్రశ్న: మా బియర్డెడ్ డ్రాగన్ రోజంతా గాజును గీకుతూ పైకి ఎక్కబోతుంది. బయటికి వచ్చి మాతో ఆడుకోవాలనా?

జవాబు: మీతో ఆడుకోవాలని కాదు గానీ, ‘ఇక్కడేదో బాలేదు’ అని చెప్పడం మాత్రం నిజం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ముక్కు చివర చర్మం చిట్లి పుండ్లు పడతాయి. ఒక్కసారే అన్నీ మార్చేస్తే కారణం తెలీదు. ఒక్కొక్కటీ మార్చి మూడేసి రోజులు చూడండి.

మొదట వేడి. దీపం కింద ఎండ కాచుకునే రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీలు, రెండో చివర 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. గాజుకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకండి, అవి గాజు వేడి చెబుతాయి గానీ రాయి వేడి చెప్పవు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రాయి పైభాగం కొలవండి. చల్లటి చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టండి. ట్యాంక్ చిన్నదైతే రెండు చివరలూ ఒకే వేడికి వచ్చేస్తాయి, పారిపోయేందుకు చల్లటి చోటే మిగలదు. గాజు గీకడానికి మేం ముందుగా అనుమానించేది దీన్నే. పెద్ద బియర్డెడ్ డ్రాగన్‌కి 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. ఎత్తు కనీస కొలత.

తరవాత ప్రతిబింబం. గదిలో వెలుగు తక్కువ, లోపల వెలుగు ఎక్కువ ఉంటే గాజు అద్దమైపోతుంది. తనను తానే శత్రువనుకుని గడ్డం నల్లచేసి తల ఊపుతుంది. మూడు వైపులా బయటినుంచి ముదురు రంగు కాగితం అతికించి చూడండి. ఎదురుగా మరో డ్రాగన్ గానీ పిల్లి గానీ కనబడుతున్నా ఇదే మందు.

యూవీబీ ట్యూబ్ వెలుగుతూనే ఉన్నా లోపలి శక్తి క్రమంగా పడిపోతుంది. తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా 12 నెలలకు, మార్చేయాలి. ట్యూబ్‌కీ ప్రాణికీ మధ్య గాజుపలక ఉంటే యూవీబీ దాదాపు అందనట్టే.

మీది ఆడదైతే ఇంకోటి చూడాలి. మగ తోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. తిండి తగ్గించి, మూలల్లో తవ్వుతూ, పొట్ట ఉండలుండలుగా కనబడితే 20–25 సెం.మీ. లోతున తడి ఇసుక, మట్టి కలిపి నింపిన డబ్బా పెట్టండి. తవ్వి తవ్వి గుడ్లు పెట్టకుండానే నీరసపడితే అదే రోజు పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి, గుడ్డు లోపల అడ్డుపడి ఉండవచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా గీకుతుంటే విసుగు అనుకోవచ్చు. ఆ మాట ఊరికే అనడం లేదు. వాషింగ్టన్ నేషనల్ జూలో ‘పిగ్‌ఫేస్’ అనే నైలు నది మెత్తచిప్ప తాబేలు తనను తానే గాయపరచుకునేది. బంతులు, గొట్టాలు వేశాక వాటితో ఆడుతూ ఆ అలవాటు బాగా తగ్గించుకుంది. జంతు ప్రవర్తన శాస్త్రవేత్త గోర్డన్ బర్ఘార్ట్ బృందం 1996లో దీన్ని నమోదు చేసింది. మీరు బంతి కొననక్కర్లేదు. కొమ్మల వరసను వారానికోసారి మార్చండి, ఆకుకూరను గిన్నెలో కాకుండా వేరువేరు ఎత్తుల్లో క్లిప్పుకు వేలాడదీయండి. ఎండ కాచుకునే చోటు, దాక్కునే గూడు మాత్రం కదపకండి. ఆ రెండూ మారితే విసుగు పోయి బెంగ వస్తుంది.

ప్రశ్న: తాబేలు నన్ను చూడగానే వస్తుంది. నన్ను గుర్తుపడుతోందా, తిండినా?

జవాబు: ఎక్కువగా తిండినే, అయితే అందులో మీరూ ఉన్నారు. జ్ఞాపకం విషయంలో తాబేలును తక్కువ అంచనా వేయొద్దు. వియన్నా జూలో శిక్షణ పొందిన పెద్ద తాబేళ్లు తొమ్మిదేళ్ల తరవాత కూడా ఆ పాఠం మర్చిపోలేదు. ఇంట్లో తేల్చుకోవాలంటే, మేత వేళ కాని వేళలో మీరొకసారి, మీ ఎత్తే ఉన్న మరొకరు అదే రంగు బట్టలతో ఒకసారి, ఖాళీ చేతులతో వెళ్లి నిలబడండి. ఎవరి దగ్గరికి ఎంతసేపటిలో వచ్చిందో రాసుకోండి. వరస మార్చి కొన్ని రోజులు చేస్తే తేడా ఉందో లేదో తెలుస్తుంది.

తాబేలు మానసిక స్థితి గురించి ఇంకాస్త తెలుసుకోవాలనుంటే 2025లో బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన పని చూడదగ్గది. ఎర్రకాళ్ల తాబేళ్లకు ఒక చోటి గిన్నెలో తిండి ఉంటుందనీ, మరో చోటి గిన్నెలో ఉండదనీ నేర్పారు. తరవాత రెంటికీ మధ్యలో గిన్నె పెట్టారు. కొన్ని ఆశగా చకచకా వెళ్లాయి, కొన్ని జంకాయి. అలా ఆశగా వెళ్లినవే కొత్త వస్తువుల్ని చూసినప్పుడూ తక్కువ బెదిరాయి. అంటే ఒక్క క్షణం భయం, ఒక్క క్షణం హాయి మాత్రమే కాదు, కొంతకాలం నిలిచే మూడ్ కూడా ఉండవచ్చు.

ప్రశ్న: ఇల్లు మారాక మా బాల్ పైథాన్ ఐదు వారాలుగా తినడం లేదు. దిగులా?

జవాబు: దిగులు అని చెప్పలేం గానీ, ఒత్తిడి అనడానికి అభ్యంతరం లేదు. బాల్ పైథాన్లు నెలల తరబడి తినకుండా ఉండగలవు, ఐదు వారాలకు కంగారు పడొద్దు. అయితే లెక్క కావాలి. వారానికోసారి గ్రాముల త్రాసు మీద తూచండి. మొదటి బరువులో పదో వంతు తగ్గినా, నోటి దగ్గర జిగురు, ఊపిరిలో ఈల శబ్దం, నోరు తెరిచి ఊపిరి తీయడం కనబడినా వైద్యుడికి చూపించాలి.

పది రోజులు చేతిలోకి తీసుకోవడం పూర్తిగా మానేయండి. వెచ్చటి చివర ఒకటి, చల్లటి చివర ఒకటి, ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకైన గూళ్లు పెట్టండి. ఒకే గూడుంటే దానికి రోజూ ఇరకాటమే: దాక్కోవాలా, వేడి చూసుకోవాలా? మేతను రోజూ చూపించి విసిగించొద్దు, పది పద్నాలుగు రోజులకోసారి చాలు. కరగబెట్టిన చచ్చిన ఎలుక తల భాగాన్ని 38–40 డిగ్రీలకు వెచ్చచేసి, దీపాలు ఆర్పాక ఇవ్వండి. తినకపోతే ఉదయానికి తీసేయండి. బతికున్న ఎలుకను వదిలి వెళ్లడం మాత్రం ఎప్పుడూ వద్దు, తినని పామును ఎలుకే కొరికేస్తుంది.

ప్రశ్న: అసలు దానికి భావాలున్నాయా లేదా అని మనకెందుకింత తాపత్రయం? బాగా చూసుకుంటే చాలదా?

జవాబు: ‘బాగా’ అంటే ఏమిటో తెలియాలంటే ఆ ప్రశ్న తప్పదు. భావాలు లేవనుకునేవాళ్లు పామును ఒళ్లు చాపుకోలేని డబ్బాలో ఏళ్ల తరబడి ఉంచి, తింటోంది కదా అంటారు. మనిషిలాంటి భావాలున్నాయనుకునేవాళ్లు రోజూ గంటసేపు మెడలో వేసుకుంటారు, తోడు కావాలని ఇంకోదాన్ని తెస్తారు, ముద్దు పెట్టుకుని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు తెచ్చుకుంటారు. నష్టం ఇద్దరి చేతుల్లోనూ ఉంది. రెండోవాళ్ల మీద మాకు కొంచెం ఎక్కువ ఆశ ఉంటుంది, వాళ్లు కనీసం చూస్తున్నారు కాబట్టి.

చట్టమూ ఇటే కదులుతోంది. బ్రిటన్ 2022లో చేసిన జంతు సంక్షేమ చట్టం సుఖదుఃఖాలు తెలిసిన జీవుల లెక్కలో వెన్నెముక ఉన్నవాటినన్నిటినీ చేర్చింది. 2024లో కొందరు శాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు విడుదల చేసిన న్యూయార్క్ ప్రకటన సరీసృపాలకు చైతన్యం ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమంది. భయం, ఒత్తిడి, నొప్పి, కుతూహలాలకు ఆధారాలు బలంగా ఉన్నాయి. యజమాని మీద మమకారానికి అంత బలమైన ఆధారం లేదు. మనకు కావలసిన జవాబు రెండోది కావడమే చిక్కు.

ప్రశ్న: మా రెడ్-ఇయర్డ్ స్లైడర్ తాబేలుకి చిప్ప విరిగి ఆపరేషన్ చేశారు. నొప్పి మందు అక్కర్లేదు, వీటికి తెలీదన్నారు. నిజమా?

జవాబు: కాదు. చిప్పలో ప్రాణమున్న ఎముక, నరాలు ఉంటాయి. స్లైడర్ తాబేళ్ల మీద 2007లో వచ్చిన పరిశోధనలో మార్ఫిన్ నొప్పిని తగ్గించింది, బ్యుటార్ఫనాల్ తగ్గించలేదు. అంటే మందు అవసరం ఉంది, ఏ మందో జాతిని బట్టి తెలిసి ఇవ్వాలి. సరీసృపాలు చూసే మరో వైద్యుణ్ని అడగండి. మనుషుల మాత్రలు ముక్క చేసి వేయకండి.

వేడి కూడా చికిత్సలో భాగమే. ఒళ్లు చల్లగా ఉంటే మందు ఒంటపట్టదు, గాయం మానదు, రోగనిరోధక శక్తి పనిచేయదు. వైద్యుడు నీళ్లకు దూరంగా పొడిగా ఉంచమంటే, వెచ్చటి చివర 30 డిగ్రీల దగ్గర ఉంచి, రెండో చివర చల్లగా వదలండి, తనకు కావలసింది తానే ఎంచుకుంటుంది. కళ్లు మూసుకుని ఉండటం, మెడ లోపలికి లాక్కుని ఉండిపోవడం, ఒక కాలు ఈడ్చడం, ఇష్టమైన తిండి ముందున్నా తిరగకపోవడం, దీపం కిందికి రాకపోవడం నొప్పి గుర్తులు. రోజుకు రెండుసార్లు ఒకే వేళకు ఇవి చూసి తేదీతో రాసుకుని, తిరిగి చూపించడానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లండి. మందు ఆపాలో కొనసాగించాలో వైద్యుడు దాన్ని చూసి చెప్పగలడు.